చేరని పిల్లలకే పాఠం

వేల్పులంక శ్రీ సర్వార్థ డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పే భీమశంకరానికి ఆ వేసవిలో అర్జంటుగా పన్నెండు మంది పిల్లలు కావలసి వచ్చారు.

పన్నెండు మందికి తక్కువైన ఏ విభాగాన్నయినా మూసెయ్యాలనీ, అందులోని అధ్యాపకుడి సేవలను పునర్వినియోగం చేసుకోవాలనీ పైనుంచి ఉత్తర్వు దిగింది. ప్రైవేటు కాలేజీలో పునర్వినియోగం అంటే శాలువా కప్పి ఇంటికి పంపడమని ఇరవై రెండేళ్ళ సర్వీసులో ఆయన గ్రహించాడు. తలలు లెక్కపెట్టేది అడ్మిషన్ల ఆఖరి రోజున. ఆ ఆఖరి రోజు జూలై ముప్పై ఒకటి.

తిరగడానికి ఆయన వెనకాడలేదు. గొడుగేసుకుని, కరపత్రాల సంచీ భుజాన తగిలించుకుని వీధి వీధీ తిరిగాడు. చిక్కల్లా తలుపు తీసినవాళ్ళ జవాబులతోనే వచ్చింది.

"అమ్మా, మీ ఇంట్లో ఇంటరు పాసైన పిల్లలున్నారా?"

"పాసవుతాడండి. ఇప్పుడు మూడో క్లాసు."

ఆ పేరు కూడా రాసుకున్నాడు. రెండో ఇంట్లో ఒక్కడే కొడుకు, ఇంజనీరింగుకి వెళ్ళిపోయాడు. మూడో ఇంట్లో ఒక్కతే కూతురు, ఆమె కూడా అక్కడికే వెళ్ళింది. నాలుగో ఇంట్లో పిల్లల్లేరు, కుక్కపిల్ల ఉంది. ఆవేళ దాని పుట్టినరోజట. కేకు పెడితే కాదనలేక తిని వచ్చాడు.

మే నెలాఖరున స్టాఫ్ మీటింగు జరిగింది. ప్రిన్సిపాల్ డాక్టర్ కోదండపాణి గోడకు ఒక పటం తగిలించారు. అందులో ఒక ఎర్రగీత ఎడమవైపు పైన మొదలై కుడివైపు కిందికి జారిపోయింది.

"గౌరవ సభ్యుల దృష్టికి తీసుకురావడమేమనగా, సంతాన వృద్ధి రీత్యా మన పరిసర ప్రాంతాల పరిస్థితి ఆశాజనకంగా లేదు."

కాలేజీ కరస్పాండెంటు బులివీర్రాజు గారికి రెండు రైసుమిల్లులున్నాయి. ఆయనకు పటాలతో పనిలేదు. "అంటే ఏటంటారు?" అన్నారు.

"పిల్లలు పుట్టడం లేదండి."

"ఇప్పుడు పుడితే మాత్రం మనకేం లాభం?"

"నిజమేనండి. మనకు కావలసినవాళ్ళు పద్దెనిమిదేళ్ళ కిందటే పుట్టి ఉండవలసింది."

"మరి అప్పుడే ఒక సర్క్యులర్ ఇవ్వాల్సింది కదండీ!"

ప్రిన్సిపాల్ గారు ఆ సూచనను మినిట్సులో రాసుకున్నారు.

బులివీర్రాజు గారు కుర్చీలో వెనక్కి వాలి నిట్టూర్చారు. "ఒకప్పుడు సీటు కోసం నా మిల్లు గుమ్మం దగ్గర లైను కట్టేవారండి. ఎమ్మార్వో చీటీ తెచ్చినా రేపు రమ్మనేవాణ్ణి. అప్పుడు మనం మగపెళ్ళివాళ్ళం. ఇప్పుడు మనది ఆడపెళ్ళివాళ్ళ బతుకైపోయింది. మనమే కాళ్ళరిగేలా తిరగాలి, మనమే లాంఛనాలు పెట్టాలి, వాళ్ళేమో కాఫీ తాగి మూతి తుడుచుకుంటారు."

మిల్లు యజమాని కడుపులోని బాధ ఆయన నోట అలా వచ్చింది. వచ్చిన మాట గాలికి పోయి ఉంటే గొడవే లేదు. కానీ కరస్పాండెంటు గారు తుమ్మినా దాని మీద ఒక ఉపసంఘం వెయ్యడం కోదండపాణి గారి అలవాటు. మర్నాడు ఉదయానికల్లా నోటీసు బోర్డు మీద కాగితం అంటించి ఉంది.

'యాజమాన్యం వారి దూరదృష్టి మేరకు, విద్యార్థి పక్షమును మగపెళ్ళివారుగానూ, కళాశాల పక్షమును ఆడపెళ్ళివారుగానూ భావించి ప్రవేశాల ప్రక్రియ యావత్తూ నిర్వహింపబడును. ఇందునిమిత్తం సంబంధాల ఉపసంఘం ఏర్పాటు చేయడమైనది. వివాహ పరిచయ రంగంలో ముప్పై ఏళ్ళ అనుభవం గల శ్రీ కామేశం గారు సలహాదారుగా వ్యవహరిస్తారు.'

కామేశం గారు ఊళ్ళో పెళ్ళిళ్ళు కుదిర్చే మనిషి. ఫోన్లొచ్చాక పిల్లలు ఒకరినొకరు వాళ్ళే చూసుకుంటుండడంతో ఆయన గొడుగుకి బూజు పట్టింది. కబురు అందగానే దాన్ని దులిపి, ఐదు పాత నోటు పుస్తకాలు సంచీలో పెట్టుకుని స్టాఫ్ రూములో దిగబడ్డాడు. ఆ పుస్తకాల్లో నాలుగు మండలాల ఇంటి పేర్లూ, ఏ ఇంట్లో ఎవరు ఏ తిథిన పుట్టారో అన్నీ ఉన్నాయి. ప్రిన్సిపాల్ గారి ఎర్రగీత చెప్పలేనిది ఆ పుస్తకాలు చెప్పాయి.

"ముందు మీ కాలేజీ బయోడేటా రాయండి," అన్నాడాయన కూర్చుంటూనే.

ఇంగ్లీషు చెప్పే హైమవతి కలం తీసింది.

"వయసు?"

"నలభై ఒకటండి."

"ముదిరింది. ముప్పై ఆరని రాయండి. రంగు?"

"సున్నం వేసి తొమ్మిదేళ్ళయిందండి."

"చామనఛాయ అందాం. ఎత్తు?"

"రెండంతస్తులు. పైన రేకులు."

"ఇంతకు ముందు ఏవైనా సంబంధాలు తప్పిపోయాయా?"

"ఇంజనీరింగు కోర్సు పెడదామని ఒకసారి అనుకుని మానేశామండి."

"అది రాయొద్దు," అన్నాడు కామేశం.

ఆయన రాకతో పద్ధతులు చక్కబడ్డాయి. రాహుకాలంలో బయల్దేరడం మానేశారు. ముగ్గురు కలిసి వెళ్ళకూడదు, నలుగురో ఐదుగురో వెళ్ళాలి. గుమ్మంలో 'పిల్లలున్నారా' అని అడగకూడదు, 'మీ ఇంట శుభం ఉందని విన్నాం' అనాలి. హైమవతి ఒకరోజు ఒక సందేహం అడిగింది.

"పంతులుగారూ, మనం చూడ్డానికెళ్ళేది ఆడపిల్లనైతేనండి?"

"ఆడపిల్లయినా మనకి మగపెళ్ళివారే తల్లీ. కాళ్ళు కడుక్కోడానికి నీళ్ళు మనమే అందివ్వాలి."

నవ్వుకున్నవాళ్ళు నవ్వుకున్నారు గానీ, జ్యేష్ఠం వెళ్ళేలోగా వృక్షశాస్త్రానికి పదకొండు మంది కుదిరారు. భీమశంకరం కళ్ళకద్దుకున్నాడు. చేరినవాళ్ళకి లాంఛనంగా సంచీ, గొడుగు, స్టీలు కారియరు ఇచ్చారు. నాలుగోవాడు చేరిన మూడోరోజున అలిగాడు. బస్సు వాళ్ళ ఇంటి ముందు ఆగదని తెలిసిందట. మెట్ల మీద ముఖం తిప్పుకుని కూర్చుంటే కామేశం హడలిపోయాడు. "పిల్లవాడు అలిగి మెట్ల మీద కూర్చోడమేంటండీ, నలుగురూ ఏమనుకుంటారు?" అన్నాడు. దాంతో లైబ్రరీలో ఎవరూ వెళ్ళని వైపు ఒక పట్టెమంచం, రెండు దిండ్లు వేయించి 'అలక విభాగం' అని బోర్డు పెట్టారు. దాని ఇన్‌చార్జి బాధ్యత చరిత్ర మాస్టారికి అప్పగించారు. వారం తిరక్కుండా మంచం చాలక ఇంకొకటి వేశారు.

బులివీర్రాజు గారు ఒక సాయంత్రం ఖర్చుల కాగితం చూసి కళ్ళజోడు తీశారు. "ఏవండీ ప్రిన్సిపాల్ గారూ, ఒక్కొక్క పిల్లాడి మీద వచ్చేదానికన్నా పోయేదే ఎక్కువగా ఉందే?"

"సంఖ్య పెరిగితే సర్దుకుంటుందండి."

"బస్తాకి నష్టం వస్తూంటే, ఎక్కువ బస్తాలు ఆడిస్తే లాభం వస్తుందా?"

"విద్యారంగం వేరండి."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. మిల్లు సంగతి తెలిసినంతగా విద్య సంగతి తనకు తెలియదని ఆయనకు వినయం ఉంది.

ఇంతలో ఆషాఢం వచ్చింది. ఆషాఢంలో శుభకార్యాలు కూడవని కామేశం గొడుగు మడిచి గూట్లో పెట్టేశాడు. పక్క ఊళ్ళ కాలేజీలు వ్యానులేసుకుని తిరుగుతుంటే, వేల్పులంకలో పదకొండు మంది అధ్యాపకులు శూన్యమాసం పాటిస్తూ కూర్చున్నారు. భీమశంకరం ఉండబట్టలేక ఒకసారి అడిగాడు. "పంతులుగారూ, అడ్మిషన్లకీ ఆషాఢానికీ సంబంధం ఏమిటండీ?"

"మరి అడ్మిషన్లకీ నాకూ సంబంధం ఏంటండీ? పిలిచారు, వచ్చాను. వచ్చాక శాస్త్రం శాస్త్రమే."

భీమశంకరమూ పంచాంగం చూడకుండా గడప దాటే మనిషి కాదు. కాకపోతే తిథులు పెట్టిన పెద్దలు డిగ్రీ కాలేజీని దృష్టిలో పెట్టుకుని పెట్టి ఉంటారా అన్న అనుమానం మాత్రం లోపల మెదిలింది.

శ్రావణం వచ్చేసరికి గడువు ఇంక ఆరురోజులే మిగిలింది. కామేశం మూడో నోటు పుస్తకంలో వేలు పెట్టి చూపించాడు. ఊరి శివారు తూర్పుపాలెంలో తమలపాకు తోట ఉన్న శ్రీనివాసు కూతురు, పేరు దేదీప్య. ఇంటరు మంచి మార్కులతో పాసైంది, ఇంకా ఎక్కడా చేరలేదు. శ్రావణ శుక్రవారం ఉదయం తొమ్మిదింటికి ముహూర్తం పెట్టారు. బులివీర్రాజు, కోదండపాణి, కామేశం, హైమవతి, భీమశంకరం ఐదుగురూ పళ్ళేలు పట్టుకుని బయల్దేరారు.

శ్రీనివాసు మడత కుర్చీలు వేశాడు. అతని తల్లి సత్తెమ్మ స్తంభానికి ఆనుకుని పీట మీద కూర్చుంది. దేదీప్య గడప లోపల నిలబడి చూస్తోంది.

"ఏ ఊరండి మీది?" అంది సత్తెమ్మ.

"ఈ ఊరేనండి. కాలవ గట్టు దగ్గర కాలేజీ," అన్నారు బులివీర్రాజు గారు.

"అదా! ధాన్యం ఆరబోత్తారు, అదే గదా?"

"అది ఆటస్థలం అండి."

"ఆయ్. బాగా ఎండుతాయండి అక్కడ." సత్తెమ్మ పళ్ళేల వంక చూసింది. "మొన్నొచ్చినోళ్ళు చక్రాల పెట్టి ఇత్తామన్నారు. నిన్నొచ్చినోళ్ళు బల్లంత ఫోనిత్తామన్నారు. మీరు గొడుగు తెచ్చారు. మంచిదే, వానాకాలం. ఇందులో పెద్ద మేష్టారెవరు?"

కోదండపాణి గారు చెయ్యెత్తారు.

"ఓసారి లేచి ఇటు నుంచి అటు నడవండి బాబూ."

డాక్టరేటు పుచ్చుకున్న మనిషి కామేశం వంక చూశాడు. కామేశం కళ్ళతోనే నడవమన్నాడు. నడిచారు.

"కాలు బానే ఉంది. మూడేళ్ళూ ఉంటారా మరి? మా ఎదురింటోళ్ళ కుర్రోడు చేరినకాడ ఏడాదికి ముగ్గురు మారారంట."

"ఉంటారమ్మా, ఉంటారు," అన్నాడు కామేశం. "కాలేజీ కూడా సంప్రదాయమైనది. హైమవతమ్మగారూ, ఏదీ, ఒక ప్రార్థన."

హైమవతి కాలేజీ ప్రార్థన గీతం రెండు చరణాలు పాడింది. సత్తెమ్మ తలూపింది. శ్రీనివాసు కాఫీలు తెచ్చాడు. అంతా ఒడ్డున పడ్డట్టే ఉంది. "పిల్లనేమైనా అడగమనండి," అన్నాడు కామేశం మాటవరసకి.

దేదీప్య గడప దాటి వచ్చింది. "ఒక పాఠం చెప్పండి సార్," అంది.

బులివీర్రాజు గారు ఒళ్ళోని ఫైలు తిరగేశారు. అందులో బస్సు ఉంది, కారియరు ఉంది, అలక విభాగం ఫొటో ఉంది. "ఇది మన లిస్టులో లేదేంటండీ?" అని ప్రిన్సిపాల్ గారి చెవిలో అడిగారు.

"అమ్మా, పాఠాల సంగతి ముందు చేరాక నెమ్మదిగా చూసుకోవచ్చు," అన్నాడు కామేశం. "ఇంతవరకూ ఏ పెళ్ళికొడుకూ ఇలా అడగలేదు."

"చేరాక చెప్పకపోతే ఎవర్ని అడగాలో తెలీదు కదండి," అంది దేదీప్య. "మా అక్క చదివిన కాలేజీలో మూడేళ్ళూ పాఠాలు మానేసి ఫోటోలు తీశారండి."

ఏప్రిల్ నుంచి భీమశంకరం పాఠం చెప్పలేదు. సంచీలో కరపత్రాలున్నాయి గానీ నాలుక మీద పాఠం ఉందో లేదో తెలియదు. పాఠం చెప్పి బతికేవాడికి పాఠమంటే భయం పుట్టడం ఏ జన్మలో చేసుకున్న పాపమో అనుకుంటూ తల దించుకున్నాడు. ఎదురుగా ఆ ఇంటివాళ్ళు పెట్టిన తాంబూలం పళ్ళెం కనిపించింది. పైన ఉన్న ఆకు మీద, తడిసి ఆరిన కాగితంలా, గోధుమరంగు మచ్చ ఒకటి గుండ్రంగా ఉంది.

ఆ ఆకు చేతిలోకి తీసుకున్నాడు.

"ఇది మీ తోటదేనా అమ్మా?"

శ్రీనివాసు సిగ్గుపడ్డాడు. "ఏరి పెట్టమన్నానండి, చూసుకోలేదు. తోట సగం పోయిందండి. మొదలు కుళ్ళిపోతంది. మందు కొడితే తగ్గుద్ది, వానొత్తే మళ్ళీ మామూలే."

"నేనడగాలనుకున్నది అదేనండి," అంది దేదీప్య. "ఎందుకలాగ?"

"తోటకి నీళ్ళు ఎటునుంచి ఎటు పెడతారు?"

"పడమట నుంచి తూరుపుకండి," అన్నాడు శ్రీనివాసు.

"తీగలు ముందు ఏ వైపు పోయాయి?"

దేదీప్య కళ్ళు మూసుకుని గుర్తు చేసుకుంది. "ముందు పడమటి నీళ్ళబోదె. తరవాత నడిమి బోదె. మొన్న తూర్పుది..." ఆగిపోయింది. "నీళ్ళెళ్ళిన దారినే వెళ్ళిందండి!"

"వెళ్ళింది. ఎందుకంటే దీనికి తోకలున్నాయి."

"తెగులుకా?" అంది సత్తెమ్మ.

"తెగులు పుట్టించే జీవికండి. కంటికి కనపడదు. దాని బీజాలకు రెండేసి తోకలుంటాయి. నీళ్ళు నిలిస్తే ఈదుకుంటూ వేరు దాకా వెళ్తాయి. మనం పెట్టిన నీళ్ళే వాటికి బాట. మందు ఆకు మీద కొట్టారు, అది మట్టిలో ఈదుతోంది."

ఇక ఆయన ఆగలేదు. ఆకుని ఎండకు పట్టి ఈనెలు చూపించాడు. కొమ్మ ఎలా తాగుతుందో, వేరు ఎలా ఊపిరి పీలుస్తుందో చెప్పాడు. కుర్చీలు వదిలేసి అందరూ తోటలోకి నడిచారు. అవిసె చెట్ల నీడన, పట్టుపంచె బురదకి ఎగ్గట్టుకుని బులివీర్రాజు గారు కూడా ఒక కుళ్ళిన తీగని వంగి చూశారు. వెళ్ళేముందు దేదీప్య తన టీసీని తమలపాకుల మీద పెట్టి భీమశంకరం చేతికిచ్చింది. అవి మచ్చలేని ఆకులు, ఆ పిల్లే వెళ్ళి ఏరుకొచ్చింది.

"రోజూ చెప్తారా సార్ ఇలాగ?"

"చెప్తానమ్మా," అన్నాడాయన. పన్నెండో పేరు దొరికిన సంతోషం ఒక పక్కా, మాట ఇచ్చేశానన్న బరువు ఒక పక్కా ఉన్నాయి.

ఆటోలో తిరిగి వస్తూ, కాలవ వంతెన దాటాక బులివీర్రాజు గారు అన్నారు: "ఏమాటకామాట ప్రిన్సిపాల్ గారూ. పాఠం చెప్పినా పిల్లలు చేరతారన్నమాట!"

"పరిశీలించదగిన అంశమండి," అన్నారు కోదండపాణి గారు, జేబులోంచి కలం తీస్తూ.

వాళ్ళు కాలేజీకి చేరేసరికే కొత్త కబురు వచ్చి ఉంది. ఏ జిల్లాలోనూ సీట్లు నిండనందున అడ్మిషన్ల గడువు ఆగస్టు పదిహేను వరకూ పొడిగించారు. తలల లెక్క కూడా అప్పటికి వాయిదా పడింది. రెండోరోజున సర్క్యులర్ వచ్చింది.

'పాఠము అనునది విద్యార్థులను ఆకర్షించుటలో గొడుగు, కారియరుల కన్నా చవకైనదనియు, ఎక్కువ ఫలితమిచ్చునదనియు రుజువైనందున, దానిని యాజమాన్యం విలువైన వనరుగా గుర్తించినది. ఇకపై పాఠములు ఇంకనూ చేరని వారికి మాత్రమే చెప్పవలెను. ఇప్పటికే చేరిన విద్యార్థులకు పాఠము చెప్పుట వనరుల దుర్వినియోగముగా పరిగణింపబడును. శ్రీ భీమశంకరం గారిని పాఠ ప్రదర్శనాధికారిగా నియమించడమైనది.'

జీతం కూడా కొంచెం పెంచారు. భీమశంకరం ఆ కాగితం రెండుసార్లు చదివి ప్రిన్సిపాల్ గది తలుపు తట్టాడు.

"సార్, చేరినవాళ్ళకి చెప్పకపోతే ఎలాగండి?"

"చేరిపోయారు కదా మాస్టారూ. ఇంకా వాళ్ళనెందుకు ఆకర్షించడం?"

"చదువుకోడానికి కదండీ వచ్చింది."

"మీరు సెంటిమెంటుగా మాట్లాడుతున్నారు. పెళ్ళయ్యాక పెళ్ళిచూపులు జరపమంటే జరుపుతారా?"

తరగతులు మొదలైన నాటి నుంచి భీమశంకరం ఉదయం తొమ్మిదింటికే ఆటోలో ఊళ్ళ మీద పడి, గడపగడపకీ తమలపాకు పాఠం చెప్పసాగాడు. ఎక్కడ చెప్పినా జనం చేరేవారు. ఇటు ఏడో నంబరు గదిలో పన్నెండు మంది పిల్లలు కొత్త సంచీలతో కూర్చునేవారు. వచ్చి పలకరించేది చరిత్ర మాస్టారొక్కడే. "ఎవరైనా అలుగుతారా బాబూ?" అని అడిగి వెళ్ళేవాడు.

భీమశంకరం ఇంట్లో అన్నం సరిగా తినలేకపోయాడు. భార్య శేషారత్నం మజ్జిగ పోస్తూ, "ఆ పిల్లకి మాటిచ్చానన్నారు కదండీ," అంది. గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది.

నాలుగోరోజు ఆయన పళ్ళెం పట్టుకుని ఆటో ఎక్కబోతుంటే దేదీప్య అడ్డం వచ్చింది.

"సార్, మా క్లాసుకి ఎప్పుడొస్తారు?"

ఆయన నోటీసు బోర్డు వైపు చెయ్యి చూపించాడు. ఆ పిల్ల వెళ్ళి, సంచీ నేల మీద పెట్టి, కాగితం మొదటి నుంచి చివరి దాకా చదివింది. మళ్ళీ చదివింది. తిరిగి వచ్చింది.

"చేరనివాళ్ళకే పాఠం అని ఉందండి."

"అవునమ్మా."

"అయితే నా టీసీ ఇచ్చేయండి సార్."

"అదేంటమ్మా?"

"నేను మానేస్తే చేరని పిల్లనవుతాను కదండి. అప్పుడు మీరు మా ఇంటికొచ్చి చెప్పాలి కదండి?"

టీసీ తిరిగివ్వాలంటే విభాగం తరఫున భీమశంకరం సంతకం చెయ్యాలి. సంతకం పెడితే పన్నెండు పదకొండవుతుంది. ప్రదర్శనాధికారి పదవి నీటి మీద రాతని ఆయనకు తెలుసు. మోజు తీరిన మర్నాడు మళ్ళీ తలలే లెక్కపెడతారు. శాలువా ఏ రంగుదో కూడా ఆయనకు కళ్ళ ముందు కనపడింది. పెట్టనంటే ఈ పిల్ల మూడేళ్ళూ ఏడో నంబరు గదిలో కారియరు పట్టుకుని కూర్చుంటుంది. కలం మూత తీశాడు. "అంతా ఆ స్వామిదే భారం," అనుకుని సంతకం పెట్టాడు.

సాయంత్రానికల్లా కాలేజీ అట్టుడికింది. కుదిరిన సంబంధం తప్పిపోవడం తన ముప్పై ఏళ్ళలో ఎరగనని కామేశం నెత్తి కొట్టుకున్నాడు. "ఖర్చుకి వెనకాడొద్దు," అన్నారు బులివీర్రాజు గారు. "రేపు పొద్దున్నే ప్రదర్శనాధికారిని పంపండి. పాత పాఠం వద్దు, విన్నదే కదా. కొత్తది చెప్పించండి."

మర్నాడు తూర్పుపాలెం అరుగు మీద భీమశంకరం రెండో పాఠం చెప్పాడు. దేదీప్య పుస్తకం తెరిచి రాసుకుంది. కామేశం ఆశగా సత్తెమ్మ వంక చూశాడు.

"ఏవంటారమ్మా?"

"పిల్లకి నచ్చిందండి. పెద్ద విషయం గదా, ఆలోచించుకుని కబురెడతాం."

మూడోరోజు మూడో పాఠం జరిగింది. "ఓ మేనత్త ఉందండి, దాన్నీ ఓ మాట అడగాలి," అంది సత్తెమ్మ. నాలుగోరోజు, "మంచిరోజు చూడాలండి," అంది. మంచిరోజు అన్నాక కామేశం ఇంకేం అనగలడు? ఆటో ఎక్కాడు.

ఈ సంగతి ఏడో నంబరు గదిలో పొక్కడానికి ఎంతోసేపు పట్టలేదు. వారంలోగా మిగిలిన పదకొండు మందీ టీసీలు తీసుకున్నారు. అలక మంచం మీద పడుకున్నవాడు కూడా లేచి వచ్చి తీసుకున్నాడు. పదకొండు సంతకాలూ భీమశంకరమే పెట్టాడు. వృక్షశాస్త్ర విభాగంలో సంఖ్య సున్నా అయింది. గడువు మాత్రం ఆగస్టు ముప్పై ఒకటి వరకూ పొడిగించారు.

పన్నెండు గడపలకీ రోజూ ఆటో తిప్పేసరికి బులివీర్రాజు గారికి నీరసం వచ్చింది. ఒకే పాఠం ఒకే రోజు పన్నెండుసార్లు చెప్పి భీమశంకరం గొంతు పోయింది. ఉపసంఘం అత్యవసరంగా సమావేశమై మూడు గంటలు చర్చించింది. మర్నాడు సర్క్యులర్ వచ్చింది.

'వ్యయ నియంత్రణ దృష్ట్యా, ఇంకనూ చేరని పన్నెండు మందినీ విడివిడిగా కలిసే పద్ధతికి స్వస్తి చెప్పడమైనది. ఇకపై వారందరినీ ప్రతిదినం ఉదయం పది గంటలకు ఒకే స్థలమందు సమావేశపరచి, బల్లలు, నల్లబోర్డు, సుద్దముక్కల సాయంతో, ఒక క్రమంలో పాఠములు చెప్పవలెను. ఇది విద్యారంగంలో సరికొత్త ప్రయోగము.'

స్థలం శ్రీనివాసు ఆకుల పాక. తోటలో నీళ్ళ దారి మార్చి కొత్త బోదెలు తవ్వాక పడమటి వైపు తీగలు మళ్ళీ చిగుళ్ళు వేశాయి. పాకలో కట్టలు కట్టే చోటు ఊడ్చి బల్లలు వేశారు. పది కొట్టగానే భీమశంకరం సుద్దముక్క తీసేవాడు. ఆ పక్కనే కూర్చుని ఆకులు లెక్కపెట్టే ఆడవాళ్ళు కట్టలు కట్టలుగా తప్పు లెక్కపెట్టి, "మేష్టారూ, కాసేపు ఆగండి, వింటంటే లెక్క పోతంది," అనేవారు.

వారానికోసారి కోదండపాణి గారు వచ్చి వెనక బల్ల మీద కూర్చునేవారు. సెప్టెంబరు రెండో వారంలో ఆయన పాఠం అయ్యేదాకా ఆగి నెమ్మదిగా అడిగారు.

"అమ్మా, ముప్పై రోజులుగా చూస్తున్నారు. ఇంతకీ ఏం తేల్చారు?"

దేదీప్య లేచి నిలబడింది. "మీ కాలేజీ బాగుందండి. వేరే కాలేజీ వాళ్ళు వచ్చినా వద్దనేశామండి."

"మరి చేరడానికేం?"

"పరీక్ష ఫీజు కట్టే రోజున చేరతాంలెండి," అంది సత్తెమ్మ, ఆకుకట్ట బిగిస్తూ. "అప్పటిదాకా కంగారేవుంది బాబూ? గడువు ఎలాగా పెంచుతున్నారుగా."

ఆమె అన్నట్టే, అప్పటికే సెప్టెంబరు పదిహేనుకి జరిపిన గడువు ఆ సాయంత్రం ముప్పై దాకా పెరిగింది. ఆఖరి రోజు రాకపోయేసరికి తలల లెక్కా జరగలేదు, శాలువా ఖర్చూ రాలేదు.

మర్నాడు పొద్దున్న కాలేజీ సిబ్బంది అంతా కలిసి వినాయకుడి గుళ్ళో అడ్మిషన్ల కోసం ప్రత్యేకంగా అర్చన చేయించారు. కొబ్బరికాయలు బులివీర్రాజు గారివి. పూజారి సంకల్పం చెప్పి, ఎవరి కోరిక వారు మనసులో విన్నవించుకోమన్నాడు. ప్రిన్సిపాల్ గారు కళ్ళు గట్టిగా మూసుకున్నారు. కామేశం పెదాలు కదిలాయి.

భీమశంకరం చేతులు జోడించాడు. అబద్ధం ఆడలేని చోటు అది. పది గంటలకి పాకలో పాఠం ఉంది.

"స్వామీ," అనుకున్నాడు, "ఆ పన్నెండు మందికీ మా కాలేజీ ఇంకొన్నాళ్ళు కుదరకుండా చూడు."